పెద్దమ్మ చెవులకు ఏ లోపమూ లేదు

మా ఎక్స్ఛేంజి పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. కబురు ఫోన్‌లో వచ్చింది, ఆమె కోడలు చేసింది. మాకు చుట్టరికం లేదు. కాజీపేటలో వాళ్లదీ మాదీ ఒకే వీధి, అందుకే పెద్దమ్మ అయింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసే హక్కు నాకుందో లేదో, చదివాక మీరే చెప్పండి.

రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆమె వరంగల్‌లో ఒక చిన్న దవాఖానలో ఫోన్ల దగ్గర కూర్చునేది. నేనప్పుడే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టే పని మొదలుపెట్టాను. "మా పిలగాడు చేస్తడు సారూ, పూచీ నాది" అని మేనేజరుకు చెప్పి, నాకు మొదటి పని ఇప్పించింది ఆమే.

నేను పెట్టింది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. దేశదేశాల వాళ్లు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి అని వదిలేశారు. గొప్పదే, కాదనను. కానీ తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నది. బొత్తాలుండవు. నల్లటి తెర మీద వందల వరుసల సెట్టింగులు. అవి నాకు అర్థమవుతాయన్నదే నా గర్వం.

"దీనికి బొత్తామేది బిడ్డా? డాక్టరు గది మారితె నేనేం జెయ్యాలె?" అని అడిగేది.

"నీకెందుకు పెద్దమ్మా, నాకు ఫోన్ కొట్టు" అనేవాణ్ణి. కొడితే ఎత్తేవాణ్ణి కాదు. పాపం తనే లేచి, డాక్టరు ఏ గదిలో ఉంటే అక్కడికి నడిచి వెళ్లి పిలుచుకొచ్చేది.

ఆమెకో అలవాటుండేది. కాల్ కలిపి వెంటనే వదిలేది కాదు. "గంట మోగితె లైన్ కలిసినట్టు కాదు బిడ్డా. ఇద్దరి గొంతులు ఇన్నంకనే ఇడువాలె" అనేది. నేను నవ్వేవాణ్ణి. అంతా కంప్యూటరే చూసుకుంటుందని చెప్పేవాణ్ణి.

కొన్నాళ్లకు తొర్రూరు నుంచి వచ్చిన ఒకాయన కౌంటరు దగ్గర గొడవపెట్టుకున్నాడు. "మా అవ్వకు సీరియస్ ఉన్నదని ఫోన్ల ఎంత మొత్తుకున్నా, ఈమె హలో హలో అనుకుంట పెట్టేసింది!"

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "ఆయన మాట నాకు రాలేదు బిడ్డా. బయటి ఫోన్లు కొన్ని గట్లనే అయితానయి. జర చూడు" అంది.

నేను లోపలి గదిలో కూర్చుని ఆమెకు ఫోన్ చేశాను. భేషుగ్గా వినిపించింది. కంప్యూటర్లో చూస్తే తొర్రూరాయన కాల్ కూడా కలిసినట్టే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మేనేజరు ముందు జోకు వేశాను. "సిస్టమ్ మంచిగనే ఉంది సార్. పెద్దమ్మకు వయసైంది గద, చెవులు..." అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, మళ్లీ ఫోన్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. నెల తిరక్కుండానే ఆమెను మాన్పించారు.

ఆమె సీట్లోకి వచ్చిన అమ్మాయికీ అదే కష్టం వచ్చింది. అప్పుడు కూర్చుని వెతికాను. ఈ ఫోన్లలో గంట మోగించే దారి వేరు, మాట నడిచే దారి వేరు. బయటివాళ్ల మాట ఏ చిరునామాకు రావాలో చెప్పే చోట నేను దవాఖాన లోపలి చిరునామా ఇచ్చి వదిలేశాను. లోపల కూర్చుని చేసిన పరీక్షలో అదెలా దొరుకుతుంది? పది నిమిషాల్లో సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మకు చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే వాళ్ల ఇంటి ముందు నుంచి నడవడం మానేసి వెనక గల్లీ పట్టాను. నా పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెద్దమ్మ అంత్యక్రియలయ్యి సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక కోడలికి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెవుల డాక్టరుకు చూపిద్దాం అత్తమ్మా అంటే వద్దన్నదన్నా" అంది. "పిలగాడు కంప్యూటర్ల చూసి చెప్పిండు, ఇంక డాక్టరెందుకు అన్నది. తను శ్రుతి తప్పితె అందరి పాట ఖరాబైతదని చర్చిల పాడుడు గూడ బంద్ వెట్టింది."

ప్రతి ఆదివారం చివరి బెంచీలో పాటల పుస్తకం తెరిచి పెట్టుకునేదట. అందరూ పాడుతుంటే వేలితో వరుస వెంబడి పోతూ, పెదవులు గట్టిగా మూసుకుని కూర్చునేదట.