కూర్చునే ఉద్యోగం

గిలకలదిండి రత్తమ్మకు ముగ్గురు కూతుళ్ళు. వాళ్ళలో కూర్చుని జీతం తీసుకున్నది గంగాదేవి ఒక్కతే. రత్తమ్మ నలభై ఏళ్ళు నెత్తిన చేపల గంపతో బందరు వీధులన్నీ తిరిగింది. పెద్దపిల్లలిద్దరూ అదే గంప అందుకున్నారు. మూడోది డిగ్రీ పాసై, విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం వెళ్ళే దారిలో ఉన్న ఒక ఇంటర్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరింది. రత్తమ్మ బతికున్నన్నాళ్ళూ బేరం మధ్యలో కూడా ఆ సంగతి చెప్పేది. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, "కూర్చునే ఉద్యోగమమ్మా," అనేది. అంతకు మించిన వివరం అక్కర్లేదని ఆవిడ ఉద్దేశం.

అది నిజం కూడా. గంగాదేవి పని స్టడీ హాల్లో ఎత్తు కుర్చీలో కూర్చుని, ఎదురుగా నూట ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టడం. ఎవరైనా లేస్తే ఎందుకు లేచావని అడగాలి. నీళ్ళకా, బాత్‌రూమ్‌కా? రెండూ కాకపోతే సిట్‌డౌన్. ఊరికే లేవడమనేది అక్కడ లేదు. పద్దెనిమిదేళ్ళు ఆమె ఈ ప్రశ్నలే అడిగింది. పిల్లలు తనను 'సిట్‌డౌన్ మేడం' అంటారని ఆమెకు తెలుసు. అభ్యంతరం ఉండేది కాదు.

నలభై ఏడో ఏట ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తరువాత కీమో. అందులో మొదటి నాలుగు సార్లు ఎక్కించింది ఎర్ర మందు. ఆ తరువాత రేడియేషన్. కాలేజీలో మాత్రం గాల్ బ్లాడర్ అని చెప్పింది. గాల్ బ్లాడర్‌కు ఏడు నెలల సెలవు ఎక్కువేనని ఏ.ఓ. రామకోటేశ్వరరావుగారికి అనిపించింది. కాని ఆడవాళ్ళ ఆరోగ్యం విషయంలో ఆయన రెండో ప్రశ్న వేసే మనిషి కాదు. ఆమె విగ్గు పెట్టుకుని తిరిగి వచ్చినరోజు, "మీ హెయిర్ బాగా సెట్టయింది మేడం," అని ఒక పిల్ల మెచ్చుకుంది. గంగాదేవి థాంక్స్ చెప్పి, సిట్‌డౌన్ అంది.

ఇంట్లో భర్త కాశీరావు ఆమెను కుర్చీలోంచి కదలనిచ్చేవాడు కాదు. అతను చేపల మార్కెట్‌కు ఐసు పంపే ఫ్యాక్టరీలో గుమాస్తా. పెళ్ళయిన పాతికేళ్ళలో కాఫీ కలపని మనిషి ఇప్పుడు అన్నం వార్చడం కూడా నేర్చుకున్నాడు. "నువ్వు లేవమాక గంగా, నేనున్నాగా," అనేవాడు. గ్లాసు ఆమె చేతికే వచ్చేది. కంచం ఒళ్ళోకే వచ్చేది. రిమోట్ పక్కనే ఉండేది. హాస్టల్లో కుర్చీ, ఇంట్లో సోఫా, రెంటికీ మధ్య ఆటో. ఇలా రెండేళ్ళు గడిచాయి. పదకొండు కిలోలు పెరిగింది. వాడిన ఇన్ని మందుల్లో వాంతులు తెప్పించని మందు విశ్రాంతి ఒక్కటేనని ఆమెకు గట్టి నమ్మకం.

దసరా సెలవులు అయ్యాక, రెండో అంతస్తులో పిల్లల గదులు చూడడానికి మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. మర్నాడూ వచ్చింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందనుకుంది. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. మెట్ల మలుపులో నోటీసు బోర్డు ఉంది. దాని ముందు ఆగి, చదువుతున్నట్టు నిలబడి ఊపిరి తీసుకునేది. ఆ మూడు వారాల్లో మెస్ మెనూ మొత్తం కంఠతా వచ్చేసింది. మంగళవారం దొండకాయ.

చివరికి క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళితే, స్కానులన్నీ చూసి గుండె డాక్టరు దగ్గరికి పంపించాడు. ఆవిడ పేరు ఉషశ్రీ. ఎకో తీసి, కాగితం ముందు పెట్టుకుంది.

"జబ్బు తిరిగి రాలేదండీ. గుండె కొంచెం నీరసపడింది. పంపింగ్ నలభై ఎనిమిది శాతం ఉంది. యాభై అయిదు దాకా ఉంటే బాగుంటుంది."

జబ్బు రాలేదన్న మాట గంగాదేవికి సరిగా వినపడలేదు. నలభై ఎనిమిది మాత్రం వినపడింది. వాళ్ళ కాలేజీలో అది తండ్రిని పిలిపించే మార్కు.

"రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?"

గంగాదేవి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి అయిపోయి, రెండోది అయిపోయి, మళ్ళీ మొదటి చేతికి వచ్చింది. "పదమూడండీ."

డాక్టరు పెన్ను కింద పెట్టింది.

"నాది కూర్చునే ఉద్యోగమండీ," అంది గంగాదేవి, కొంచెం గర్వంగానే.

"కీమో మందు వల్ల కొంత, ఎడమవైపు రేడియేషన్ వల్ల కొంత ఉండొచ్చు. అవి అయిపోయినయ్యి, ఇప్పుడు మనం వాటిని మార్చలేం. ఈ కూర్చోవడం, బరువు పెరగడం ఉన్నాయే, అవి మార్చుకోవచ్చు. టాబ్లెట్లు రాస్తున్నా, మానొద్దు. అరగంటకోసారి లేచి అయిదు నిమిషాలు నడవండి. సాయంత్రం విడిగా ఒక అరగంట. ఆయాసమొస్తే ఆగండి. ఛాతీలో నొప్పొస్తే మాత్రం ఆగడం కాదు, వెంటనే ఆసుపత్రికి రండి."

"అంటే రెస్టు వద్దంటారా డాక్టరుగారూ?" అన్నాడు కాశీరావు.

"రెస్టు చాలా అయిందండీ," అంది ఉషశ్రీ.

కాశీరావు రెండేళ్ళ సేవ ఒక్క మాటలో కొట్టుకుపోయింది. ఇంటికి రాగానే అలవాటుకొద్దీ మంచినీళ్ళు పట్టుకొచ్చాడు. "అక్కడే పెట్టయ్యా, నేనొచ్చి తాగుతా," అంది గంగాదేవి. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అతను కాసేపు గది మధ్యలో నిలబడ్డాడు.

సోమవారం సాయంత్రం స్టడీ అవర్ మొదలైన అరగంటకు గంగాదేవి అలారం పెట్టుకున్న ఫోను బుర్రుమంది. ఆమె లేచింది. నూట ఇరవై తలలు పైకి లేచాయి. మేడం మధ్యలో లేవడం ఆ హాల్లో ఎవరూ చూసి ఉండలేదు. ఆమె మెట్టు దిగి బల్లల వరసల మధ్య నడవడం మొదలుపెట్టింది. ఆమె ఎవరినీ చూడడం లేదు, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. కాని ప్రతి పిల్లా తన కోసమే వస్తోందనుకుంది. మూడో వరసలో ఒకమ్మాయి, తనను ఎవరూ ఏమీ అడగకుండానే, ఫిజిక్స్ మెటీరియల్లోంచి సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి ఏడవడం మొదలెట్టింది. గంగాదేవి ఫోను తీసుకుంది. లెక్క తప్పినందుకు చిరాకుపడి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

వారంలో ఏడు ఫోన్లు, రెండు గోళ్ళరంగు సీసాలు, ఒక మామిడితాండ్ర పొట్లం వాటంతటవే వచ్చి బీరువాలో చేరాయి. నెలాఖరు పరీక్షలో ఆ బ్లాకు సగటు పెరిగింది. రామకోటేశ్వరరావుగారు దాన్ని గమనించి, కారణం విచారించి, సర్క్యులర్ తీశారు. అయిదు బ్లాకుల వార్డెన్లూ అరగంటకొకసారి హాల్లో తిరగాలి. దానికి ఆయన 'గంగాదేవి మేడం పద్ధతి' అని పేరు కూడా పెట్టారు. అది పద్ధతి కాదని చెప్పాలంటే ముందు గాల్ బ్లాడర్ కాదని చెప్పాలి. గంగాదేవి ఊరుకుంది.

సర్క్యులర్ వచ్చిన మూడో రోజున సి బ్లాకు వార్డెన్ సంపూర్ణమ్మ వచ్చింది. ఉయ్యూరావిడ. యాభై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. కుంటుకుంటూ వచ్చి తలుపు దగ్గరే మొదలుపెట్టింది.

"మీకేం పొయ్యేకాలమొచ్చిందండీ గంగాదేవిగారూ? పద్దెనిమిదేళ్ళు బుద్ధిగా కూర్చున్నారుగా! ఏ.ఓ. దగ్గర మంచి పేరు కావాల్సొస్తే మీరొక్కరే తెచ్చుకోండి. మా మోకాళ్ళతో మీకేం పని?"

గంగాదేవి తలుపు దగ్గరకు వేసింది. "నాది గాల్ బ్లాడర్ కాదండీ," అంది.

ఆ తరువాత అంతా ఒక ఫైలు చదువుతున్నట్టు వరసగా చెప్పింది. గడ్డ, ఆపరేషన్, ఎర్ర మందు, రేడియేషన్, నలభై ఎనిమిది శాతం. "ఈ వైపు ఏం లేదండీ. దూది," అన్నప్పుడు మాత్రం తరువాతి మాట కోసం కొంచెం వెతుక్కోవలసి వచ్చింది. దూది అన్న మాట కాశీరావుతో కూడా ఎప్పుడూ పైకి అనలేదు.

సంపూర్ణమ్మ ఆమె ఎడమవైపు చూసి, కుడివైపు చూసి, అలా చూడకూడదేమోనని గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మరి నాకైనా ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవారు?"

సంపూర్ణమ్మ నిజాయితీగా ఆలోచించింది. "కూర్చోమనేదాన్ని."

"అందుకే."

"సర్లెండి. నా నోటెంట ఒక్క మాట బయటికి రాదు," అని సంపూర్ణమ్మ ఒట్టుపెట్టి వెళ్ళింది. మర్నాడు టిఫిన్ వేళకు అయిదు బ్లాకులకూ తెలిసిపోయింది. మెస్‌లో వంటమనిషి ఆమె ప్లేటులో రెండో గుడ్డు పెట్టి, ఏమీ ఎరగనట్టు సాంబారు గరిటె వైపు తిరిగాడు.

గంగాదేవి రెండున్నరేళ్ళుగా భయపడింది దీనికే. జాలికి. రెండు రోజులు పిల్లలు ఆమె వంక చూడలేదు. గుసగుసలూ లేవు. మూడోనాడు ఆమెకు ఒళ్ళు బాగాలేదు, కాళ్ళు బరువుగా ఉన్నాయి. ఫోను బుర్రుమంటే ఆపేసి కూర్చుంది. కాసేపటికి రెండో వరసలో సింధూరి అనే అవనిగడ్డ పిల్ల లేచి నిలబడింది.

"ఎందుకు లేచావ్? నీళ్ళకా?"

"కాదు మేడం."

"బాత్‌రూమ్‌కా?"

"కాదు మేడం. టైం దాటి ఆరు నిమిషాలైంది."

"దేనికి?"

"మీకు మేడం."

హాల్లో ఎవరూ నవ్వలేదు. గంగాదేవి ఆ పిల్లను కాసేపు చూసింది. దీనికేం చెయ్యాలో హాస్టల్ రూల్సులో లేదు. "సిట్‌డౌన్," అని తను లేచింది. నాలుగు వరసలు నడిచి, చివరి వరసలో కిటికీ దగ్గర ఆగి, బయటికి తిరిగి నిలబడింది. అది ఆయాసం కాదు. ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంటున్నంతసేపూ పక్క బల్ల పిల్లలు పుస్తకాల్లోంచి తల ఎత్తలేదు. అంత క్రమశిక్షణ ఆ హాల్లో ఆమె ఎన్నడూ సాధించలేదు.

ఆ తరువాత అరగంటకొకసారి పిల్లల్ని కూడా లేచి రెండు నిమిషాలు నిలబడమంది. ఇందుకు ఎవరి అనుమతీ తీసుకోలేదు. సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే ఒకరోజు రామకోటేశ్వరరావుగారు తనిఖీకి వచ్చారు. హాలు హాలంతా నిలబడి ఉండడం చూసి, అది తనకోసమే అనుకుని సంతోషపడ్డారు. "సిట్, సిట్," అని చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. ఆయన్ను ఎవరూ సరిదిద్దలేదు.

మార్చి చివర మళ్ళీ ఎకో తీశారు. యాభై మూడు. బరువు నాలుగు కిలోలు తగ్గింది. "మందులు, నడక రెండూ పనిచేస్తున్నయ్యి, ఏదీ ఆపొద్దు," అంది ఉషశ్రీ. మెట్ల మలుపులో ఇప్పుడు ఆగనక్కర్లేదు. మెస్ మెనూ మారిందని గంగాదేవికి ఎవరో చెబితేనే తెలిసింది.

వేసవి సెలవుల్లో హాలు ఖాళీ అయింది. సాయంత్రాలు భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున నడవడానికి వెళుతోంది. తోడు లేకుండా పంపనని కాశీరావు మంచినీళ్ళ సీసా పట్టుకుని వెంట బయలుదేరాడు. మొదటి రెండు రోజులు ఎలాగో తట్టుకున్నాడు. మూడోనాడు సగం దూరంలో ఘాటు మెట్ల మీద చతికిలబడి, చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"నొప్పేం లేదులే, ఆయాసమంతే. నువ్వెళ్ళిరా గంగా. నేనిక్కడే ఉంటా."

అతని ముఖం నిండా చెమట. గంగాదేవి సీసా అందించి సగం నీళ్ళు తాగించింది. మిగతా సగం మూత బిగించి, కుడిచేత్తో పట్టుకుని ముందుకు నడిచింది.