బొగ్గు అంటని చెయ్యి

నేను అమలాపురంలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. ఎవరు దెయ్యం కథ మొదలుపెట్టినా మధ్యలో ఆపి, దీపం ఎక్కడుంది, గాలి ఎటు వీచింది అని అడిగి విసిగించేవాణ్ని. అలాంటి నేనే చెబుతున్నాను... ఇది జరిగింది. బోనెక్కిన సాక్షిలా చెబుతాను. చూసింది చూశానని, చూడనిది చూడలేదని.

డెబ్భైల చివరి మాట. కోనసీమలోనే ఒక సబ్‌జైలు. ఏ ఊరిదో అడగకండి. వారానికొక సాయంత్రం వెళ్లి ఖైదీలకు బొమ్మలు వేయడం, వేసిన బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాయడం నేర్పేవాణ్ని. కాగితాలు చాలేవి కావు. సున్నం వేసిన గోడే మా పలక. కొబ్బరిచిప్ప బొగ్గే మా బలపం. నేను లోపల ఉన్నంతసేపూ గదికి బయట తాళం. పాఠం అయ్యాక బొగ్గుముక్కలన్నీ డబ్బాలో వేసి, ఊచల్లోంచి హెడ్‌వార్డరు గారికి అందిస్తేనే తలుపు తెరిచేవారు.

ఖైదీల్లో దావీదు అని ఒక పడవవాడు. అతని అన్న సామ్యేలు ఒక రాత్రి గోదావరి దాటుతూ పడవలోంచి పడిపోయాడు. శవం దొరకలేదు. తోసింది తమ్ముడేనని కేసు. కన్నతల్లి కూడా అదే నమ్మింది. ఒక్కసారీ చూడటానికి రాలేదు. అతన్ని కేసు కన్నా అదే ఎక్కువ కోసేది.

“అన్నది ఒక్క ఫొటో కూడా లేదండి మేస్టారూ. మొహం వేసేనని తెలిస్తే, వాణ్ని చూసుకోడానికైనా అమ్మ వస్తాదండి.”

ప్రతివారం వేసేవాడు. ప్రతివారం అది తన మొహమే అయ్యేది. తుడిచేసేవాడు. కొబ్బరికాయల దొంగతనం మీద వచ్చిన సత్తిబాబు, “అద్దం లేక గోడ మీద చూసుకుంటున్నాడండి, ఆయ్,” అని ఏడిపించేవాడు.

ఆ సాయంత్రం ముసురు. పాఠం అయింది. గోడ తుడిచేశారు. నేను డబ్బా బయటికి అందించి, చేతులు రుమాలుతో తుడుచుకున్నాను. హెడ్‌వార్డరు గారు తాళం తియ్యబోతుండగా... కరెంటు పోయింది. లాంతరు తెస్తానని వెళ్లారు.

చీకటి. పెంకుల మీద వాన.

అప్పుడు వినబడింది.

గర్ర్... ఆగింది. గర్ర్... గర్ర్...

గోడ మీద బొగ్గు నడుస్తున్న చప్పుడు. ఎలుక కాదు. కొబ్బరిమట్ట రాసుకోవడమూ కాదు. అది లోపలి గోడ.

ఎవరో ముక్క దాచారనుకున్నాను. పేర్లు పిలిచాను. గదిలో ఉన్న ఐదుగురు ఖైదీలూ పలికారు. అందరినీ పక్కవాళ్ల చేతులు పట్టుకోమన్నాను. నా కుడిచేతిలోకి దావీదు చెయ్యి వచ్చింది. చెమట... బొగ్గు గరుకు. ఎడమచేతిలోకి ఇంకొక చెయ్యి వచ్చింది. చల్లగా... తడిగా ఉంది. అటు కూర్చున్నది సత్తిబాబు. అతనిదే అనుకున్నాను.

“పట్టుకున్నారా?”

“ఆయ్,” అన్నారు.

గర్ర్... గర్ర్...

ఆగలేదు. తొందర లేదు. వంపు తిరిగింది. తర్వాత ఒకే చోట చిన్న చిన్న గీతలు... దగ్గర దగ్గరగా... చాలాసేపు.

వరండాలో లాంతరు వెలుతురు కదిలింది. నా ఎడమచేతిలోని చెయ్యి జారిపోయింది.

గోడ మీద మొహం ఉంది. దావీదుది కాదు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. దవడల నిండా గెడ్డం.

దావీదు ఇంకా నా చెయ్యి వదల్లేదు. “చిన్నప్పుడు గాలం తగిలి తెగిందండి ఆ చెవి. నేనే మర్చిపోయేను,” అన్నాడు.

సత్తిబాబు వైపు తిరిగాను. అతను నాకు అందనంత దూరంలో గోడకు అంటుకుపోయి ఉన్నాడు.

“మీ చెయ్యి నాకు దొరకలేదండి.”

ఆ గొంతులో ఎగతాళి లేదు.

అతను అబద్ధమాడి ఉండవచ్చు. అతని చెయ్యి ఖాళీగా ఉంటే గీసింది అతనే కావచ్చు. కానీ అంత చీకట్లో, ఎన్నడూ చూడని మనిషి మొహాన్నా? అందరి వేళ్లూ పరీక్షించాను. అన్నీ నల్లగానే ఉన్నాయి. పాఠం అప్పుడే అయింది కనుక అది సాక్ష్యం కాదు. చివరికి నా చేతులు చూసుకున్నాను. కుడి అరచెయ్యి దావీదు బొగ్గుతో నల్లబడింది. ఎడమది తడిసి ఉంది. మసి మాత్రం లేదు. పైకప్పు ఎక్కడా కారడం లేదు. నా చొక్కా పొడిగానే ఉంది.

హెడ్‌వార్డరు గారు ఆ గోడను తుడవనివ్వలేదు. దావీదు ఇంటికి ఆయనే కబురు పంపారు. నేను మళ్లీ వెళ్లిన రోజున దావీదు తల్లి మరియమ్మ గారు వచ్చారు. ఊచలు పట్టుకుని చాలాసేపు గోడనే చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“వాడికి గెడ్డం ఎప్పుడూ లేదండి. ఆ రోజు కూడా గీయించుకునే పడవెక్కేడు. మీరు చదువుకున్నోరు... బతికున్నోడికే కదండీ గెడ్డం పెరుగుద్ది?”

“ఆయ్,” అన్నాను. శాస్త్రం ప్రకారం అది సరైన జవాబే.

ఆవిడ ఊచల్లోంచి చెయ్యి పెట్టి దావీదు గడ్డం పట్టుకున్నారు. “అన్నం తిన్నావంట్రా?” అని అడిగారు.

సామ్యేలు ఆ తర్వాతా రాలేదు. శవమూ దొరకలేదు. ఆవిడకు జవాబు చెప్పేటప్పుడు నేను ఎడమ అరచేతిని చొక్కాకు తుడుచుకుంటూనే ఉన్నానట... హెడ్‌వార్డరు గారు చెప్పారు.