ఎనిమిది పలకల గొట్టం

తెలంగాణ కోసం జనం రైలు పట్టాల మీద కూర్చున్న రోజది. కేసముద్రం స్టేషన్లో నా నీళ్ల సీసా అడిగి తాగిన ముసలాయన, తుపాకులు బాగుచేసేవాడినన్నాడు.

"మా ఊరి దొర రైఫిలుకు తూటా పోయే గొట్టం, ఎనిమిది పలకలది, మర తిప్పి ఎక్కిచ్చిన సారూ. గట్టిగ బిగిస్తే పై పలక పక్కకు ఒరిగింది. పలక సూటిగ లేకుంటె దొర ఒప్పుకోడు. జర వెనక్కి తిప్పి, మర వదులుగున్నా గట్లనే ఇచ్చేసిన."

"తర్వాత?"

"బాగుచేసినోని ఇంటోళ్లే మొదటి తూటా కాల్చి చూపాలె, గది దొర కట్టడి. నాకు కండ్లు ఆనవు. నా కొడుకు కాల్చిండు. తుపాకి మొకం మీదనే పేలింది."

పట్టాల మీది పిల్లల వైపు చూశాడు. "అప్పుడు వానిది గీళ్ల ఈడే."

మాట్లాడినంతసేపూ నా సీసా మూత బిగిస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆ మూత తీయడం నా వల్ల కాలేదు.