వాడని వీసా

2022 ఆగస్టులో నన్ను మా ట్రావెల్ ఏజెన్సీ బేగంపేట ప్రధాన కార్యాలయం నుంచి కొండాపూర్ శాఖకు బదిలీ చేశారు. విదేశీ విహారయాత్రల విభాగానికి మేనేజరును. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ ప్రాంతంలో టికెట్టు కొనడానికి మా దగ్గరకు ఎవరూ రారు, అది అందరూ ఫోన్‌లోనే చేసుకుంటారు. నిబంధనలు చిక్కుగా ఉన్న దేశాలకు వెళ్లదలచుకున్నప్పుడే మా మెట్లెక్కుతారు. కాబట్టి మేం అమ్మేది టికెట్టు కాదు, నిబంధన తెలిసి ఉండడం. నేను చెప్పబోయే సంగతిలో నాకు నిబంధన తెలుసు.

మాది కృష్ణా జిల్లాలో ఒకప్పుడు పేరున్న కుటుంబం. ఒకరి కింద జీతానికి చేరిన మొదటివాణ్ణి నేనే. ఆ చరిత్రంతా ఇక్కడ అనవసరం. ఒక్కటి మాత్రం చెప్పాలి. భూములు, ఇల్లు పోయిన ఏడు ఒక పెళ్లి పంక్తిలో ఎవరో మా నాన్నగారిని ఇప్పుడెక్కడ ఉంటున్నారని అడిగారు. ఆయన సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు. నాకప్పుడు పదకొండేళ్లు. ఎదుటి మనిషి తనంతట తాను చెప్పని విషయం అడగకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఉద్యోగంలో కూడా దాన్ని మర్యాదగానే పాటించాను.

సెప్టెంబరులో ఒక శనివారం నరేందర్, లావణ్య అనే దంపతులు వచ్చారు. సిద్దిపేట వైపు వాళ్లు. అతను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ బృందానికి లీడు, ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ పదేళ్ల అమెరికా వీసా ఉంది. డిసెంబరులో పన్నెండు రోజులు ఎక్కడికైనా వెళ్లాలి, ఖర్చు అదుపులో ఉండాలి. అమెరికాలో అన్ని రోజులుండడం తమ వల్ల కాదని అతనే చెప్పాడు. ఆ వీసా చూపిస్తే మధ్య అమెరికాలో కొన్ని చిన్న దేశాలు వేరే వీసా లేకుండానే రానిస్తాయని, అక్కడ తిండి, బస చవక అని ఎక్కడో చదివాడు. అది నిజమే.

ఆ వీసా ఎలా వచ్చిందో నాకు తర్వాత లావణ్య చెబితేనే తెలిసింది కాని, చదివేవారికి ముందే చెప్పడం న్యాయం. మూడేళ్ల కిందట కంపెనీ అతన్ని ఆరు నెలల పని మీద పంపుతామని వీసా తీయించింది, ఆమె కూడా వెంట వెళ్లడానికి తీసుకుంది. చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెట్టారు. బయల్దేరడానికి పది రోజుల ముందు ఆ ప్రాజెక్టు వేరే కంపెనీకి పోయింది. ఇంకా పోలేదా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక వాళ్లు హఫీజ్‌పేట్‌లో ఇల్లు ఖాళీ చేసి కొండాపూర్‌లో కిరాయికి దిగారు.

నాతో అతను ఇదేమీ అనలేదు. కంపెనీయే వీసా స్టాంపింగ్ చేయించిందని చెప్పి వెంటనే మాట మార్చాడు. ఏదో దాస్తున్నాడని గ్రహించాను. ప్రాజెక్టు మధ్యలో ఆగిపోయి అక్కడి నుంచి వెనక్కి పంపించిన వాళ్లను ఆ రోజుల్లో చాలామందిని చూశాను. ఇతనూ అలాంటివాడే అయి ఉంటాడని నాకు నేనే నిర్ణయించుకుని, ఆ ప్రస్తావన తేలేదు.

బల్ల మీద మూడు దేశాలు పెట్టాను. కోస్టారికాలో అడవులు బాగుంటాయి కాని హోటళ్లు, కార్ల అద్దెలు ఎక్కువ. గ్వాటెమాలా అన్నిటికంటే చవక. పనామాలో ఓడల కాలువ ఉంది, నగరం శుభ్రంగా ఉంటుంది. లావణ్య ఫోన్‌లో ఒక బొమ్మ తీసి నా ముందు పెట్టింది.

“సార్, గీడికి పోదాం. చెరువు చుట్టూ మూడు అగ్నిపర్వతాలంట. తినేది మక్కరొట్టెలేనంట, మనకేం కొత్త గాదు.”

“మక్కరొట్టె తిననీకి గంత దూరమా? మీ అవ్వకు చెప్తే రేపే చేసిపెడ్తది,” అన్నాడు నరేందర్.

“మా అవ్వ చేస్తది గని అగ్నిపర్వతం పెట్టది గద,” అంది ఆమె.

ఆమె కోరింది గ్వాటెమాలా. ఆ వీసాతో అక్కడ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నేను పనామా వైపు తిప్పాను. ఆ వారం యూరప్ మీదుగా పనామాకు టికెట్టు ధర బాగా తగ్గింది, అది ఒక కారణం. రెండోది కాగితం మీద పెట్టగలిగే కారణం కాదు. నలుగురిలో చెప్పుకోవడానికి చెరువు కంటే కాలువ గౌరవంగా ఉంటుందని నాకు అనిపించింది. అతనికీ అలాగే అనిపించినట్టుంది. ఆమె ఫోన్ సంచిలో పెట్టేసుకుంది.

లేవబోతూ అతను అడిగాడు: “ఈసారి పక్కానే గద సార్? మా వాళ్లకు చెప్పొచ్చునా?”

చెప్పండి అన్నాను. “ఈసారి” అన్న మాట నేను విన్నాను.

మా వీసా డెస్కులో సీనియరు షహీన్. టోలీచౌకి నుంచి వచ్చేది, పదకొండేళ్ల అనుభవం. ప్రయాణికుల పాస్‌పోర్టులో ఖాళీ పేజీలతో సహా అన్నిటి నకళ్లూ తీసుకుంటే తప్ప ఆమె ఫైలు ముందుకు పంపేది కాదు. నరేందర్ మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ మాత్రమే ఇచ్చాడు. మిగిలినవి అడిగితే ఎందుకని విసుక్కున్నాడు. ఆమె నా గదిలోకి వచ్చింది.

“సార్, పనామాకి వీసా ఉంటే సరిపోదు, ఒక్కసారన్నా వాడి ఉండాలి. అమెరికాలో దిగిన స్టాంపు పేజీ నాకు కావాలి. జర మీరే అడగండి, నేనడిగితే కోపం చేస్తున్నారు.”

వీసా తీసుకున్నవాడు వెళ్లకుండా ఉంటాడా, ఆ మనిషిని ఇబ్బంది పెట్టొద్దు అన్నాను.

“ఇబ్బంది ఇక్కడే పెడితే మంచిది సార్. కౌంటర్ కాడ పెడితే పరేషాన్ అవుతారు.”

నేను పెన్ను తీసి, పత్రాల పట్టికలో ఆ పేజీ వరుస ఎదురుగా పొట్టి సంతకం చేశాను. మేనేజరు పొట్టి సంతకం చేస్తే ఆ పత్రం లేకపోయినా ఫైలు కదులుతుంది. ఆమె సంతకం చూసి, మీ ఇష్టం సార్ అని తీసుకుపోయింది.

ప్రయాణం నాడు ఉదయం ఎనిమిదింటికి లావణ్య ఫోన్ చేసింది. విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆపేశారంది. విమాన సంస్థల తప్పేమీ లేదు. అవతలి దేశం రానివ్వకపోతే ప్రయాణికులను సొంత ఖర్చుతో వెనక్కి తెచ్చి జరిమానా కూడా కట్టాల్సింది వాళ్లే, కాబట్టి నిబంధనలో ప్రతి అక్షరమూ చూస్తారు.

“సార్, ఈ వీసా మీద ఒక్కసారన్న పోయిన్రా అని అడుగుతున్నరు. మేం పోలే. మీరు మమ్ముల ఎందుకు అడగలే?”

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే కారణం తెలుసుకోవాలని అడిగింది. వస్తున్నానని చెప్పి బయల్దేరాను. ఏజెన్సీ వాళ్లకిచ్చే పాసుతో లోపలికి వెళ్లాను. అమెరికా మీదుగా పంపితే దారిలోనే స్టాంపు పడి చిక్కు తీరిపోయేది, ఎందుకంటే అక్కడ విమానం మారేవాళ్లు కూడా ఇమిగ్రేషన్ దాటాలి. డిసెంబరులో ఆ దారిన నాలుగు రోజుల వరకు సీట్లు లేవు, ఉన్నవి వాళ్లు భరించగలిగే ధరలో లేవు. గ్వాటెమాలాకూ అంతే. రెండు గంటలు ఫోన్ల మీదే గడిచాయి. విమానం వెళ్లిపోయింది.

గాజు తలుపుల అవతల సిద్దిపేట నుంచి రెండు బండ్లలో వచ్చిన చుట్టాలు విమానం లేచేదాకా చూసి పోదామని నిలబడే ఉన్నారు. నరేందర్ వాళ్లకు కనిపించకుండా ఒక స్తంభం వెనక నిలుచున్నాడు. నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. “సార్, వాళ్లు పోయేదాక ఇంకో తొవ్వల బయటికి పంపిస్తరా?”

సిగ్గుతో చెప్తున్నాను, అది నాకు సబబుగానే తోచింది. కింది అంతస్తు నుంచి బయటికి వెళ్లే దారి గురించి భద్రతా సిబ్బందితో మాట్లాడడానికి కదిలాను కూడా. లావణ్య మా ఇద్దరినీ చూసింది.

“నేను దాక్కోను. ఒకపారి ఇల్లే మార్చినం. ఇగ ఏం మారుస్తం?” అని పెట్టె లాక్కుంటూ గాజు తలుపుల వైపు నడిచింది. కాసేపటికి అతనూ వెళ్లాడు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా వాళ్ల మాటలు కొన్ని వినిపించాయి. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన, అతని మేనమామ అనుకుంటాను, “ఏందిరా, మళ్లనా? కాయితాలు సూసుకోవా, గింత సదివి?” అన్నాడు. ఎవరో నవ్వారు. నరేందర్ తల వంచుకుని పెట్టె హ్యాండిల్ లోపలికి నెడుతున్నాడు. మా ఏజెన్సీ పేరు గాని, నా పేరు గాని అతను ఎత్తలేదు. లావణ్య మాత్రం వెనక్కి తిరిగి లోపలికి చూసింది. నేను తలుపుకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. బయటికి వెళ్లి, తప్పు ఇతనిది కాదు, అడగాల్సింది నేను, అడగలేదు అని చెప్పడానికి అర నిమిషం పట్టేది. తెలియని జనం ముందు ఆ మాట అనడం ఇష్టం లేక అక్కడే నిలబడ్డాను. వాళ్ల బండ్లు కదిలాకే బయటికి వచ్చాను.

సోమవారం ప్రధాన కార్యాలయానికి నివేదిక రాశాను. పత్రం అడగవద్దన్నది నేనేనని, షహీన్ ముందే హెచ్చరించిందని ఉన్నదున్నట్టు రాశాను. టికెట్ల సొమ్ము కంపెనీ తిరిగి ఇచ్చింది. మేనేజరు పొట్టి సంతకంతో పాస్‌పోర్టు పేజీలను మినహాయించే అధికారం తీసేశారు. నా నిజాయితీని మెచ్చుకుంటూ పైఅధికారి ఒక వాక్యం రాశాడు. ఆ నిజం వినాల్సినవాళ్లు ఆ నివేదిక చదవరని ఆయనకు తెలియదు.

ఆ దంపతులు మళ్లీ మా శాఖకు రాలేదు. నేను మరుసటి ఏడు అక్టోబరులో విరమించాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ప్రయాణికులు చెప్పడానికి వెనకాడే విషయాన్నే ముందుగా అడగాలి, తలుపు వేసి, తక్కువ గొంతుతో, నేరుగా. నేను అడగకుండా కాపాడినది నరేందర్ పరువు కాదు. అలాంటి ప్రశ్న అడిగిన మనిషిగా మిగలకూడదన్న నా పట్టింపు. దాని ఖరీదు అతను కట్టాడు.