మా మల్లేశు బావ చైన్ బండి

మా అక్క కాసులమ్మకి సంబంధం చూసినప్పుడు మా నాన్న ఒక్కటే అడిగాడు, కుర్రాడికి తాగుడుందా అని. లేదన్నారు. నిజంగానే లేదు. పాత ఇనుము సంగతి అడగాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మా బావ మల్లేశు జంగ్లీఘాట్‌లో పడవ ఇంజన్ల మెకానిక్కు. ఇరవై ఏడేళ్ళుగా చేపల పడవల ఇంజన్లు విప్పి బిగించడమే పని. సముద్రం మధ్యలో దగ్గుతున్న ఇంజన్ చప్పుడు ఫోన్లో వినిపిస్తే చాలు, ఎక్కడ గాలి పట్టిందో ఇంట్లో కూర్చుని చెప్పేస్తాడు. నేల మీద నడిచే వాటితో మాత్రం ఆయనకి పరిచయం తక్కువ. సైకిలు కూడా సరిగ్గా రాదు. నాది గోల్ ఘర్‌లో హార్డ్‌వేర్ కొట్టు. మా వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి వలలు భుజాన వేసుకుని ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. వాళ్ళలో బోల్టులమ్ముకుని బతికేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను చదువుకున్నవాడి కింద లెక్కేస్తారు. ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ గొప్ప నాకు కాస్త తలకెక్కిందని ముందే ఒప్పుకుంటున్నాను.

పదేళ్ళ కిందట బావ దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో ఒక రైతు పడవ ఇంజన్ బాగుచెయ్యడానికి వెళ్ళాడు. ఆ రైతు పెరట్లో ఒక కోళ్ళగూడు ఉంది. ఆ గూడు నిజానికి యుద్ధకాలంలో ఏదో సైన్యం వదిలేసి పోయిన బండి. టైర్లకి బదులు చక్రాల చుట్టూ ఇనప పట్టాలు గొలుసులా తిరిగే రకం. పైన కప్పు లేదు, తుపాకీ లేదు. బుల్‌డోజర్‌ని మేం చైన్ డోజర్ అంటాం కాబట్టి ఇది చైన్ బండి అయింది. అది జపాను వాళ్ళదని రైతు అన్నాడట, ఇంగ్లీషు వాళ్ళదని ఆయన కొడుకు అన్నాడట. కోళ్ళకి ఆ పట్టింపు లేదు, మా బావకీ లేదు. కూలి వద్దు, ఆ గూడు ఇమ్మన్నాడు. రైతు రెండుసార్లు అడిగి, ఈయన మనసు మారేలోపే కోళ్ళని దింపేశాడు.

ఏడు నెలల తర్వాత అది బార్జి మీద వచ్చి, లారీ ఎక్కి, మా అక్క వాకిట్లో దిగింది. అక్క చేతిలో చీపురుతో బయటికొచ్చి చూసింది.

"ఏటిది?"

"బండి."

"ఎక్కడికెల్తాది?"

"ఎల్తాదిలేయే, ముందు సెయ్యనీ."

అది వెళ్ళకపోవడం ఎనిమిదేళ్ళు సాగింది. పొద్దున్న పడవల పని, మధ్యాహ్నం అన్నం తిన్నాక బండి పని. పట్టాలో వంద పైచిలుకు ఇనప ముక్కలుంటే సగం తుప్పు తినేసినవే. విరగ్గొట్టిన ఓడల ఉక్కు తెచ్చి ఒక్కొక్క ముక్కా తనే కోసి, రాకి, పిన్నులు కొట్టాడు. చక్రాలకి రబ్బరు కావలసి వస్తే, జెట్టీకి ఓడ గుద్దుకోకుండా కట్టే రబ్బరు దిమ్మలు అరిగిపోయినవి తెచ్చి చెక్కాడు. పాత ఇంజన్ రాయిలా బిగిసిపోయిందని తీసేసి, ముక్కలు చేసిన ఒక పడవలోంచి డీజిల్ ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టాడు. చివరికి రంగు. పైన నీలం, కింద పడవ అడుక్కి పాచి పట్టకుండా వేసే ఎర్ర రంగు. ఆ ఎర్ర రంగు నేనే అమ్మాను. "పాచి ఎక్కడ పడుతుంది బావా, ఇది వీధిలో కదా ఉండేది" అని అడిగితే, "అడుక్కి ఎరుపే ఎయ్యాల" అన్నాడు. వ్యాపారం కాబట్టి ఊరుకున్నాను.

ఆయన ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడల్లా వీధి వీధంతా చెవులు మూసుకునేది. పక్కింటి చిట్టిబాబు, ఐసుపెట్టె బండి మీద చేపలమ్ముతాడు, "మల్లేశన్నా, యుద్ధం ఎప్పుడు?" అని రోజూ అడిగేవాడు. అక్క మాత్రం యుద్ధం మానేసి దాని మీద నెత్తళ్ళు ఎండబెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎండకి ఇనుము బాగా కాగుతుంది, చేపలు ఒక్క పూటలో ఎండుతాయి. ఆ బండి చేసిన మొదటి ఉపకారం అదే.

కిందటేడు అక్క వంటగది పెంచుకుంది. బండిని గునపాలతో తోయించి పక్కకి జరిపితే దాని ముక్కు మూడడుగులు రోడ్డు పక్క ప్రభుత్వ స్థలంలోకి వెళ్ళింది. ముక్కు ఎక్కడికి వెళ్తే నోటీసు అక్కడికి వస్తుంది. ఈ మధ్యే ప్రభుత్వం మా ఊరి పేరు మార్చింది; ఆ కొత్త పేరు అందులో సరిగ్గానే ఉంది, మా బావ ఇంటిపేరే తప్పు పడింది. విషయం: అక్రమ కట్టడం. గడువు: పదిహేను రోజులు.

ఇద్దరం నోటీసిచ్చిన ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు, మాట్లాడేది హిందీ. "అది కట్టడం కాదు సాబ్, గాడీ హై" అన్నాడు బావ. గాడీ అయితే నంబరేదన్నాడు ఆయన. నంబరు లేదు. నడిస్తే అది రిజిస్ట్రేషన్ లేని బండి, నడవకపోతే అనుమతి లేని కట్టడం. రెంటికీ శిక్ష ఉంది. చివరికి ఆయనే జాలిపడి ఒక దారి చెప్పాడు. గడువు తీరే శుక్రవారం పదకొండింటికి వస్తాను, అది దానంతటది నడిచి అక్కణ్ణుంచి వెళ్ళిపోతే నేను చూడలేదనుకుంటాను. నడవకపోతే గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోయించి తుక్కులో వేయిస్తాను అన్నాడు.

వీధి ఎక్కుడు చివర నా గోడౌన్ పెరడు ఖాళీగా ఉంది. అక్కడ పెట్టుకోమన్నాను. మధ్యలో రెండు వందల గజాలు, అంతా ఎత్తే.

"జేసీబీని పిలుద్దాం బావా. తాడు కట్టి లాగితే పావుగంట పని. ఆఫీసరు చేతులు పట్టుకుని నేను బతిమాలతాను."

బావ చేతిలో పానా కింద పెట్టాడు. "ఒరే బామ్మర్దీ, ఎనిమిదేళ్ళు సేసింది లాక్కెల్లడానికేట్రా? సచ్చినదాన్ని లాగుతారు. ఇది నడిసే ఎల్తాది."

నేను కొట్టుకొచ్చి కూర్చున్నాను. రెండు వందల గజాలు కాదు, రెండు గజాలైనా అది నడుస్తుందని నాకు నమ్మకం లేదు. ముక్కలైన బండిని చూస్తే ఆయన ఏమైపోతాడోనని మాత్రం నిజంగా భయమేసింది. ఆయనకి చెప్పకుండా హిందీలో ఒక అర్జీ రాశాను. ఇది చారిత్రక వస్తువు, తుక్కు కాదు, కోయవద్దు అని. అర్జీకి ఒక ముగింపు ఉండాలి కదా, "కావున ప్రభుత్వమే స్వాధీనపరచుకుని కాపాడవలసిందిగా ప్రార్థన" అని చేర్చాను. వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. నోటీసు వచ్చిన నాలుగో రోజున దాన్ని ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. రసీదు ఇచ్చారు, సమాధానం ఇవ్వలేదు.

శుక్రవారం వచ్చింది. ఆఫీసరు వచ్చాడు, కట్టర్ పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు, వీధంతా గోడలెక్కింది. కొత్త పడవని నీళ్ళలోకి దింపేటప్పుడు చేసినట్టే బావ బండి ముక్కుకి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఇంజన్ అందుకుంది. పట్టాలు కిర్రుమన్నాయి. బండి వాకిట్లోంచి కదిలి, ప్రభుత్వ స్థలం దాటి, రోడ్డెక్కింది. నేను పక్కనే నడిచాను. అరవై గజాలు వెళ్ళాక పొగ మొదలైంది. ఇంకో పది గజాలకి బావ గబుక్కున ఆపేసి, కిందికి దూకి, బండి కింద వేలాడుతున్న పైపు పట్టుకుని చూశాడు.

"ఒరే, నీల్లేవిరా?"

అప్పుడు అర్థమైంది మా అందరికీ. పడవ ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. పైపు సముద్రపు నీళ్ళు పీల్చి, ఇంజన్‌ని చల్లబరిచి, మళ్ళీ సముద్రంలోకే పోస్తుంది. ఒడ్డు మీద పరీక్ష చెయ్యాలంటే ఆ పైపుని పక్కన నీళ్ళ డ్రమ్ములో పెడతాం. బావ ఎనిమిదేళ్ళూ డ్రమ్ములో పైపు పెట్టే ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఇవాళ బండి కదిలింది, అడుగంటిన డ్రమ్ము వాకిట్లోనే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న వీధిలో ఒక్కడికీ ఆ ముక్క తట్టలేదు. అందరం పడవలవాళ్ళమే. పరీక్ష అయిన ఇంజన్ సముద్రంలోకి కాక ఇంకెక్కడికి వెళ్తుంది?

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. కట్టర్ మనిషి చేతులకి తొడుగులేసుకున్నాడు. బావ రోడ్డు మధ్య పైపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఆ రోజు కొళాయి వచ్చే రోజు కూడా కాదు.

అప్పుడు మా అక్క అరిచింది. "ఏటలా గుడ్లప్పగించి సూస్తారు? నా వంటింట్లో డ్రమ్ములున్నాయి గదా, మొయ్యండి!"

రెండు రోజులు వాడుకోవలసిన నీళ్ళవి. ఆ నీళ్ళలో గ్లాసుడు ఒలికితే నా చిన్నప్పుడు నా వీపు విమానం మోత మోగించిన మనిషి మా అక్క. నలుగురు కలిసి డ్రమ్ము ఎత్తి బండిలో పెట్టారు. పీల్చే పైపూ వదిలే పైపూ రెండూ అందులోనే పెట్టారు. "తిరిగిన నీల్లే మల్లీ తిరిగితే యేడెక్కిపోద్ది" అన్నాడు బావ. చిట్టిబాబు తన ఐసుపెట్టె తెచ్చి, చేపలు తీసి అరుగు మీద పోసి, ఐసంతా ఇచ్చేశాడు. ఎవరో ఒకరు లోపల కూర్చుని ఐసు వేస్తూ ఉండాలి. అక్క చీర ఎగదోపుకుని ఎక్కేసింది. ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆ బండెక్కడం అదే మొదలు.

అలా మిగిలిన నూట ముప్పై గజాలూ నడిచింది మా చైన్ బండి. బావ తోలాడు, అక్క ఐసు వేసింది, వీధంతా వెనకాల నీచు వాసన కొట్టింది. గోడౌన్ పెరట్లో ఆగాక జనం వేసిన ఈలలు జెట్టీ దాకా వినిపించి ఉంటాయి. నేనైతే ఏడ్చాను. ఆఫీసరు చప్పట్లు కొట్టి, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు.

రెండు నెలలకి బావ ఒక కాగితం పట్టుకుని కొట్టుకొచ్చాడు, చదవమని. బండిని ప్రభుత్వం తీసుకుంటుంది, సముద్రం పక్కన పార్కులో పెడుతుంది. "శ్రీ ఫలానా వారి ప్రార్థన మేరకు" అని నా పేరుంది. ఆ లైను దాటేసి చదివాను.

"సూసినావా? నడిసింది గాబట్టే అడిగినారు" అన్నాడు బావ. మొహం వెలిగిపోతోంది. "రోజూ ఒకపాలి స్టార్ట్ సెయ్యనిస్తారేటి?"

"ఇస్తారు బావా" అన్నాను.

పార్కు దాకా లారీ మీద తీసుకెళ్ళారు. అక్కడ వాలు కట్టి, అరుగు మీదికి తనంతట తను నడిచి ఎక్కాలని ఆయన్నే తోలమన్నారు. తోలాడు. ఆ సాయంత్రమే వాలు తీసేసి, పట్టాలు మునిగేదాకా సిమెంటు పోశారు. అరుగు మీద పరిచిన కొత్త రాతి పలకల మీద నూనె కారుతోందని మర్నాడు ఇంజన్ తీయించేశారు. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. పక్కన బోర్డు వచ్చింది, ముట్టుకోరాదు అని.

వారం తర్వాత సభ పెట్టారు. మొదటి శాలువా నాకు. తుక్కులో పోవలసిన వస్తువుని దూరదృష్టితో కాపాడారని ఆఫీసరు నన్ను పొగిడి, అర్జీ ఏ తేదీన ఇచ్చానో కూడా మైకులో చదివాడు. రెండో శాలువా బావకి. ఆయన దాన్ని మడత పెట్టి అక్క చేతికిచ్చి, నా దగ్గరికి వచ్చాడు.

"అప్లికేసను శుక్రారం కన్నా ముందే ఎట్టినావేటి?"

"కోసేస్తారేమోనని భయమేసింది బావా."

"అంటే నడవదనుకున్నావు."

సభ ఆలస్యంగా మొదలైందని ఏదో చెప్పి మాట మార్చబోయాను. నాకే సిగ్గేసింది. బావ కోపంగా లేడు, ఉంటే బావుండేది.

"ఊరంతా నవ్వినార్రా" అన్నాడు. "నువ్వొక్కడివే నమ్మినావనుకున్నాను."