అంచుల్లో రాసిన పేర్లు

మాస్టారు పోయారన్న వార్త నాకు కాలేజీ స్టాఫ్ రూములో, రెండో పీరియడ్‌కీ మూడో పీరియడ్‌కీ మధ్య తెలిసింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మన హిస్టరీ మాస్టారు ఈ ఉదయం బరంపురంలో ఇంటి దగ్గరే కన్నుమూశారు. సాయంత్రం తీసుకెళ్తారు." నేనుండేది సరిహద్దు దాటగానే, ఇచ్ఛాపురంలో. రైలెక్కితే ఎంతోసేపు పట్టదు. వెళ్ళి ఆఖరిసారి చూసి ఉండొచ్చు. వెళ్ళలేదు. మూడో పీరియడ్‌లో నేను చెప్పాల్సిన పాఠం యూరప్‌లో మత సంస్కరణ. పుస్తకం తీసుకుని క్లాసుకి వెళ్ళాను, బెల్లు కొట్టేదాకా చెప్పాను.

ఆ పుస్తకం అట్ట మీద ఉన్నది నా పేరు. లోపల ఉన్నవి మాస్టారి మాటలు. ఆయన ముఖం చూడడానికి నాకు కాళ్ళు రాకపోవడానికి కారణం అదే. తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవాళ్ళు మీలో కొందరైనా ఆ పుస్తకం చదివి పరీక్ష రాసి ఉంటారు. ముందుగా మీకే ఈ సంగతి చెప్పాలి.

మాది ఒడిశా గంజాం జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకి దగ్గరగా ఉన్న చిన్న పల్లె. మా అమ్మానాన్నా కూలి పనికి వెళ్ళేవాళ్ళు. పదో తరగతి దాకా తెలుగులో చదివి బరంపురంలో కాలేజీలో చేరితే, అక్కడ పాఠం ఇంగ్లీషులో, దానికి అర్థం ఒడియాలో. ఒడియా బజారులో మాట్లాడగలను గానీ అందులో చరిత్ర ఎక్కడ ఎక్కుతుంది? మొదటి నెలంతా నాకు అర్థమైంది బెల్లు ఒక్కటే. ఒకరోజు క్లాసయ్యాక మాస్టారు నా బల్ల దగ్గర ఆగారు.

"ఏటమ్మా, గోడ కేసి అలా సూస్తన్నావు? ఏటీ బుర్రకెక్కలేదా?"

కాలేజీలో నాతో తెలుగులో మాట్లాడిన మొదటి పెద్దమనిషి ఆయన. ఏడుపొచ్చేసింది. ఆయన కంగారు పడలేదు. "సాయంత్రం గోసాని నువాగాంలో మా ఇంటికొచ్చీ. నీలాటోలు ఇంకో అయిదారుగురు ఒస్తన్నారు" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ ఇంటి వీధరుగు మీద మూడేళ్ళు చదువుకున్నాను. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మూసి ఉన్న తలుపు చెక్క మీదే సుద్దముక్కతో యూరప్ పటం గీసేవారు. లోపలినుంచి ఎవరైనా తలుపు తీస్తే ఫ్రాన్సు ఒక రెక్క మీదికీ, జర్మనీ ఇంకో రెక్క మీదికీ పోయేవి. అలా తలుపు తీసేది ఎక్కువగా ఆయన భార్య. మేమందరం ఆవిణ్ణి పిన్నిగారనేవాళ్ళం. పళ్ళెంలో మూరీలు, అదే మరమరాలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో పట్టుకొచ్చి, "మీ రాజులెక్కడికీ పోరు గానీ ముందు తిననీయండి" అనేవారు.

పుస్తకాల్లో లేని దారిలో పాఠం చెప్పేవారాయన. ఒకసారి మమ్మల్నందర్నీ శుభలేఖలు అచ్చేసే పాత ప్రెస్సుకి తీసుకెళ్ళారు. అక్షరాలు కూర్చే పెద్దాయన మా పేర్లు సీసపు అక్షరాల్తో పేర్చి చూపించాడు. అన్నీ తిరగబడి ఉన్నాయి. మాస్టారు వాటిని చూపిస్తూ అన్నారు: "పాపం మాఫీ అయిపోద్దని మతాధికార్లు అమ్మిన సీటీలు అచ్చేసిందీ ఇలాటి యంత్రమే. అది తప్పని జర్మనీలో ఓ సన్యాసి అంటే, ఆయన మాట ఊరూరా అచ్చేసిందీ ఇదే. యంత్రానికి పక్షం నేదు. పట్టుకున్న సెయ్యి ఎవల్దో సూసుకోవాల."

అమెరికా గనుల వెండి ఓడలకెత్తి తెచ్చుకున్న స్పెయిన్‌లో సామాన్యుడి బతుకు ఎందుకు భారమైందో నాకు ఎంతకీ అర్థం కాలేదు. ఆదివారం గోపాల్‌పూర్ బస్సెక్కించారు. అక్కడ సముద్రపొడ్డున చేపలమ్ముతున్న పోలమ్మని, "పండగ సెలవల్లో హోటళ్ళు నిండిపోతే నీకు బాగుంటాది కదా?" అని అడిగారు. ఆవిడ చేపలు సర్దుకుంటూనే జవాబిచ్చింది. "అమ్మినప్పుడు బాగుంటాది బాబూ. బియ్యం కొనుక్కోడానికి ఎల్తే అక్కడా రేటు పెరిగిపోయుంటాది. ఆ నాలుగు రోజులూ మా ఈదిలో ఎవులింటా సేప వండరు." మాస్టారు మా వైపు తిరిగారు. వెండి వచ్చిపడ్డ స్పెయిన్‌లో ధరలెందుకు పెరిగాయో నాకప్పుడు అర్థమైంది.

పట్టు నేసే ఇంటినుంచి అప్పలస్వామి అనే అబ్బాయి వచ్చేవాడు. వర్తకులు నూలు ఇచ్చి, ఇళ్ళ దగ్గరే నేయించుకుని, బట్ట పట్టుకుపోయే పద్ధతి యూరప్‌లో ఎలా పెరిగిందో చెబుతుంటే వాడు చెయ్యెత్తాడు. "మా నాన్నదీ అదే కద సార్. మగ్గం మాదే. పట్టు సేటుది. మరి మా నాన్న యజమానా, కూలోడా?" మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "రేపు సెప్తాన్రా" అన్నారు. మర్నాడు చెప్పిన పాఠం నాకు తెలిసి ఆయన చెప్పినవాటిలోకెల్లా గొప్పది.

ఇంకోసారి, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పిన ఇటలీ పండితుడు ముసలితనంలో న్యాయాధికారుల ముందు మోకరిల్లి, తాను చెప్పింది తప్పని చదివిన సంగతి చెప్పారు. మాలో ఒకడు నవ్వి, "పిరికోడు సార్" అన్నాడు. మాస్టారు ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ రోజూ పెంచలేదు. "ఆ గదిలో నువ్వూ లేవు, నానూ లేను. నెమ్మదిగా మాటాడు" అన్నారు.

ఈ మధ్య ఆ మాట పదే పదే గుర్తొస్తోంది. ఆ ముసలాయన్ని భయపెట్టారు. నన్నెవరూ భయపెట్టలేదు.

ఆయన దగ్గర నాలుగు నోటుబుక్కులుండేవి. యూరప్ చరిత్రంతా, మత యుద్ధాలు, రాజుల తలలు తెగిన కథలు, దూరదర్శినులు, కంచెలు వేసి పొలాలు లాక్కున్న భూస్వాములు, అన్నీ తేట తెలుగులో. కుడివైపు అంచున సన్నటి అక్షరాల్తో పేర్లు. 'ఈ ప్రశ్న అప్పలస్వామిది.' 'ఈ మాట గోపాల్‌పూర్ పోలమ్మ చెప్పింది.' 'పంచాంగం గురించిన ఈ సందేహం పురోహితులబ్బాయి కూర్మారావుది.' నా పేరూ ఒకచోట ఉంది. రాజు మతం ఏదైతే జనం మతం అదే అన్న ఒప్పందం గురించి చెబుతుంటే, "ఊళ్ళో ఆడోల్ని ఎవులైనా అడిగారా సార్?" అన్నాను. ఆ ప్రశ్న పక్కన నా పేరు రాసుకున్నారు. ఇవన్నీ ఎందుకు రాస్తారని అడిగితే, "ఎవల మాట ఆలకి రాయాలమ్మా. నేకపోతే మనం సదువుకుని ఏటి లాభం?" అన్నారు.

నాకు ఇచ్ఛాపురంలో ఓ ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆ నోటుబుక్కులు అడిగాను. పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చారు. పాఠాలు చెప్పుకోడానికే అడిగాను, అది నిజం. ఏడాది తర్వాత గైడ్లు వేసే ఒకాయన కాలేజీకొచ్చి, తెలుగులో యూరప్ చరిత్ర ఎవరైనా రాసిస్తారా అని వెతుకుతున్నాడు. నా దగ్గరుందన్నాను. మాస్టారిని అడగాలనుకున్నాను. రేపు అడుగుదాం, వచ్చే ఆదివారం అడుగుదాం అనుకుంటూ నోటుబుక్కులు టైపు చేసే కొట్లో ఇచ్చేశాను. టైపు చేసే అమ్మాయి, "అంచుల్లో ఈ పేర్లు కూడా కొట్టాలా మేడమ్?" అని అడిగింది.

"వద్దులే" అన్నాను.

అట్ట మీద ఎవరి పేరు వెయ్యాలని ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడు నేను తడబడలేదని చెప్పుకోడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. నా పేరు అక్షరాలు పలికి మరీ చెప్పాను.

పుస్తకం వచ్చింది. కాలేజీలో గౌరవం పెరిగింది. కొన్ని నెలలకి బరంపురంనుంచి ఒక పార్శిల్ వచ్చింది. లోపల నా పుస్తకం. పేజీ పేజీకీ పెన్సిల్ దిద్దుళ్ళు. అచ్చుతప్పులన్నీ దిద్దారు. వాటితోపాటు, నేను తీసేసిన ప్రతి పేరూ దాని చోట అంచులో మళ్ళీ రాశారు. ఆఖరి అట్ట లోపల నాలుగు వాక్యాలు: 'అమ్మాయికి ఆశీస్సులు. పుస్తకం బాగా వచ్చింది. తప్పుల్లో కొన్ని నావే, దిద్దాను. పిల్లల పేర్లు అచ్చులో పడినట్టు లేవు, మళ్ళీ వేసేటప్పుడు చోటుంటే చూడు.'

ఆయన పేరు గురించి ఒక్క ముక్క లేదు. ఎత్తిపొడుపేమో అని ఎన్నిసార్లు చదివానో. కాదు. ఆయనకి ఎత్తిపొడవడం చేతకాదు.

రెండో ముద్రణ వచ్చింది. అచ్చుతప్పులన్నీ ఆయన దిద్దినట్టే దిద్దించాను. పేర్లు వెయ్యలేదు. వేస్తే, ఈ పిల్లలెవరు, ఏ అరుగు మీద అడిగారు అని ఎవరైనా అడుగుతారు కదా. ఉత్తరానికి జవాబు రాయలేదు. చీరలకని బరంపురం వెళ్ళినా, గోసాని నువాగాం మీదుగా పోవద్దని ఆటో అతనికి ముందే చెప్పేదాన్ని. ఒకసారి బరంపురం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఆయన కనిపించారు. చేతిలో గొడుగు, బాగా చిక్కిపోయారు. నేను పుస్తకాల కొట్టు వెనక్కి వెళ్ళి, రైలు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన నన్ను చూశారో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

పదకొండో రోజున వెళ్ళాను. సంచిలో ఆ పెన్సిల్ దిద్దుళ్ళ పుస్తకం పెట్టుకున్నాను. ఏం చేద్దామని పెట్టుకున్నానో నాకే తెలీదు. చుట్టాలు వసారాలో చాప మీద కూర్చున్నారు. పిన్నిగారు నన్ను చూసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒచ్చినావా తల్లీ. ఎన్నేళ్ళయిపోనాది." తర్వాత అందరివైపూ తిరిగి, "ఈ అమ్మే పుస్తకం రాసింది. ఆయన ఇంటికొచ్చినోలందరికీ సెప్పీవోరు, మా అమ్మాయి పుస్తకం అచ్చయింది అని. కొట్లో ఉన్నవన్నీ కొనుక్కొచ్చి పిల్లలకి పంచినారు" అన్నారు.

చుట్టాలందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపులు భరించలేకపోయాను.

"పిన్నిగారూ, అది నేను రాయలేదండి. మాస్టారి నోటుబుక్కులే. అడక్కుండా నా పేరు పెట్టుకున్నాను."

ఆవిడ నా చెయ్యి వదిలేశారు.

"ఆ నాలుగు ఖాతాలూనా?" నోటుబుక్కుని బరంపురంలో ఒడియా వాళ్ళలాగే ఖాతా అనడం ఆవిడకి అలవాటు.

"అవునండి."

"మరవెక్కడున్నాయి? ఆయన సేతిరాత నా దగ్గర ఏటీ నేదు. అవి ఇచ్చీ."

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "టైపు కొట్లో వదిలేశానండి. తర్వాత వెళ్ళి చూస్తే కొట్టు ఎత్తేశారు."

"నాలుగూనా?"

"నాలుగూ."

పిన్నిగారి తమ్ముడు, "ఇప్పుడియన్నీ ఎందుకమ్మా" అని ఏదో సర్దబోయారు. ఆవిడ చేత్తోనే ఆపేశారు. పరవాలేదని అనలేదు. తిట్టలేదు కూడా. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. నేను సంచిలోంచి పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాను.

"దీన్లో మాస్టారు పెన్సిల్తో రాసినవున్నాయండి. నాకు పంపించారు. మీకివ్వాలి."

ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తెరిచారు. పిన్నిగారు చదువుకున్నది ఒడియా బడిలో. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. ఆ పేజీలకేసి చూసి, పుస్తకం నా వైపు తిప్పారు.

"నాకు రాదు కదా. సదువు. ఆయన రాసిందే సదువు, అచ్చేసింది ఒద్దు."

చదివాను. "'మతాదికారి' కాదు, 'మతాధికారి'. దకి వత్తు." "ఇక్కడ నేనే తప్పు చెప్పాను, ఓడలు మొదట వెళ్ళింది ఆఫ్రికా ఒడ్డు వెంట." "ఈ మాట పోలమ్మది."

"పోలమ్మ" అన్నారావిడ. "పోయి సాన్నాళ్ళయింది. తర్వాత?"

"ఈ ప్రశ్న అప్పలస్వామిది."

"ఆడు సూరత్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి ఏడ్సినాడు. సదువు."

పేజీలు తిప్పుతూ వెళ్ళాను. ఒకచోట ఆగాను.

"ఏటి, ఆగిపోనావు?"

"ఇక్కడ నా పేరుందండి."

"ఐతే అదీ సదువు."

చదివాను. నా పేరు నా గొంతులో నాకే కొత్తగా వినిపించింది. అప్పటికే ఆవిడ చూపుడు వేలు నల్లటి అచ్చుని వదిలేసి, బూడిదరంగు పెన్సిల్ గీతల్ని వెతుక్కుంటూ, పేజీ అంచు వెంట కిందికి జరుగుతోంది.