వీపు కొలత

రోజుకో బందు నడుస్తున్న ఆ కాలంలో, ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో కిరాయికి ఉండేదాన్ని. కింద ఓనరాంటీ ఒక్కతే ఉండేది. తన జాకెట్లన్నీ తనే కుట్టుకునేది. టైలర్‌కు ఇవ్వచ్చు కదా అంటే, "నాకు ఇది పని గాదు బిడ్డా, షౌక్" అనేది.

నారాయణగూడలో కొత్త గుడ్డ కొన్న ప్రతిసారీ మెట్ల కింద నుంచి ఆమె గొంతు వినబడేది. "బిడ్డా, జర కిందికొస్తవా? నా వీపు నాకు అందదు."

చదువు ఆపి దిగడం నాకు విసుగే. అయినా వెళ్లి టేపు పట్టేదాన్ని. భుజం నుంచి భుజానికి ఎప్పుడూ అదే అంకె. నా వేళ్లు వీపుకు తగలగానే ఎదుటి అద్దంలో ఆమె కళ్లు మూసుకుని కనబడేది. "మళ్లొక్కసారి సూడు, తొందరేమున్నది" అనేది.

ఒకసారి సుద్దముక్క కోసం మిషను సొరుగు తీశాను. లోపల ఆమెకు సరిగ్గా సరిపోయే ఆది జాకెట్టు మడతపెట్టి ఉంది. దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరిస్తే చాలు, టేపుతో పనే లేదు.

"ఆంటీ, ఆది జాకెట్టు ఉండంగ ఈ కొలతలెందుకు?" కొంచెం కటువుగానే అడిగాను.

ఆమె సొరుగు మెల్లగా మూసింది.

"గుడ్డకైతే అక్కర లేదు బిడ్డా" అని, నా వైపు వీపు తిప్పి నిలబడింది.